మిరపకాయల్లో దాచిన గేమ్ బాక్సు

ప్రత్తిపాడు,
18-3-2009.

ప్రియమైన కౌసరక్కకు,

నీ తమ్ముడు ఇలియాస్ సలాములు. ఇక్కడ అమ్మ, నీ బిడ్డ నస్రత్, నేను క్షేమం. ఈ ఒక్క ముక్క అబద్ధం కాకుండా రాయడానికి తొమ్మిది రోజులు ఆగాను అక్కా. ఇవాళ పొద్దున రాయొచ్చనిపించింది, కూర్చున్నాను. అక్కడ నువ్వు కూడా ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను. మీరా హుస్సేన్ గారిది ఆదివారం కువైట్‌కు తిరుగు ప్రయాణం. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. ఆయన ముందర చదవకు. గదిలోకి వెళ్ళి ఒక్కదానివే చదువుకో.

మొన్న శుక్రవారం నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను ఊళ్ళో లేనని అమ్మ చెప్పింది కదా. అమ్మ పక్కనే ఉన్నాను. సెల్లులోంచి నీ గొంతు నాకూ వినపడుతూనే ఉంది. అందుకునే ధైర్యం లేక చెయ్యి ఊపి, లేనని చెప్పమన్నాను. అమ్మ చేత అబద్ధం ఆడించింది నేనే. ఆమెను ఏమీ అనకు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. అమ్మ మోకాలు ఫరవాలేదు, మెట్లు ఎక్కేటప్పుడే తిడుతోంది. ఎవర్నంటావా, మెట్లనే. వంటింటి పైన రేకు మార్పించాను. పొదిలి నుంచి నస్రత్ మేనత్త రహమతున్నీసా గారు పోయిన నెల వచ్చి రెండు రోజులుండి వెళ్ళారు. పిల్లను ఎండాకాలం సెలవులకు పంపమని అడిగారు. ఇక రెండు ప్రశ్నలు మిగిలాయి. ఒకటి, నువ్వు పంపిన గేమ్ బాక్సు ఎలా ఉంది, దానితో ముందు గదిలో పెట్టిన గేమ్ సెంటర్ ఎలా నడుస్తోంది అని. రెండోది, మిరపకాయల కాలం కదా, నస్రత్ ఆయాసం ఎలా ఉంది అని. రెంటికీ ఒకటే జవాబు అక్కా. అదే ఇప్పుడు రాస్తున్నాను.

ఈ నెల మూడో తారీఖు మంగళవారం బాక్సు పెట్టగానే తెర మీద ఒక నోటీసు వచ్చింది. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, అప్‌డేట్ చేసుకుంటారా, వద్దా అని. ఆ టైముకి సెంటర్లో వీరబాబు, ఆటో తోలే బుడే, సీతారామాంజనేయులు గారు ఉన్నారు. వీరబాబు గుంటూరులో డిగ్రీ చదువుతున్నాడు, కంప్యూటర్ అనే మాట వినపడితే చాలు, వాడే తయారుచేసినట్టు మాట్లాడతాడు. సీతారామాంజనేయులు గారు పురుగుమందుల కొట్లో గుమాస్తా. ఆ వయసులో ఆయన రోజూ వచ్చి క్రికెట్ ఆడతారు. ఓడిపోతే రిమోట్ తప్పంటారు.

"నొక్కు అన్నా, బొమ్మ బాగుంటది," అన్నాడు వీరబాబు.

"ఒరేయ్, ఆడుతున్న దానితో నీకేం పనిరా? మోటారు తిరుగుతుంటే విప్పి చూసుకుంటామా?" అన్నాడు బుడే.

నేను నొక్కాను. బాక్సు నలభై నిమిషాలు తనలో తాను ఏదో చేసుకుంది. మధ్యలో కరెంటు తీస్తే పాడైపోతుందని తెర మీద రాసి ఉంది. మన కరెంటు సంగతి నీకు తెలియందేముంది. సీతారామాంజనేయులు గారు ట్యూబులైటు వంక చూస్తూ ఆంజనేయ దండకం మొదలుపెట్టారు. బుడే బిస్మిల్లా అన్నాడు. మొత్తానికి కరెంటు పోలేదు. పోయినా బాగుండేది, అక్కడితో ఆగిపోయేది.

అప్‌డేట్ అయ్యాక చూస్తే మెనూ మొత్తం మారిపోయింది. ఉన్నది ఉన్నచోట లేదు. మేం కొన్న కాపీ డిస్కులు ఒక్కటీ ఆడలేదు. సీతారామాంజనేయులు గారి క్రికెట్ కూడా పోయింది. రెండు నెలలుగా గెలుచుకుంటూ వచ్చిన కప్పు మాయమయ్యేసరికి ఆయనకు నిజంగానే కళ్ళ నీళ్ళు తిరిగాయి. "ఏమయ్యా ఇలియాసూ, బాగున్న పళ్ళు పీకించుకున్నట్టుంది కదయ్యా," అన్నారు. ఎవరికి వాళ్ళు వీరబాబును తిట్టారు. ఆడింది ఒక్కటే, నువ్వు బాక్సుతో పాటు పంపిన కార్ల డిస్కు. అది కంపెనీది కాబట్టి ఆడింది. ఇంకో మార్పు కూడా జరిగింది. లోపలి ఫ్యాను మునుపటి కంటే గట్టిగా తిరగడం మొదలుపెట్టింది. వీరబాబు దాని వెనక అరచెయ్యి పెట్టి చూసి, "అన్నా, అప్‌డేట్ తర్వాత గాలి బాగా కొడుతోంది," అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకో.

గురువారం వీరబాబు గుంటూరు నుంచి ఒక కబురు మోసుకొచ్చాడు. అప్‌డేట్ చేసినప్పుడు బాక్సు నంబరు కంపెనీకి వెళ్తుందట, కాపీ డిస్కులు వాడినవాళ్ళ నంబరును నెట్‌లో ఆడకుండా ఆపేస్తారట. వాడు చెప్పింది అంతే. వాడి నోట్లో నువ్వుగింజ నానదు కదా, సాయంత్రానికి అది ఊరంతా తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి, కంపెనీవాళ్ళు పోలీసులను వెంటబెట్టుకుని గేమ్ సెంటర్లు సోదా చేస్తున్నారని అయింది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. నన్ను తీసుకుపోతే అమ్మ ఏం చేస్తుంది, నస్రత్‌ను ఎవరు చూస్తారు అని ఒకటే ఆలోచన.

శుక్రవారం పదకొండింటికి ఊళ్ళోకి తెల్ల జీపు వచ్చింది. లోపల నలుగురు, చేతుల్లో ఫైళ్ళు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను డిస్కులన్నీ సంచిలో వేసుకుని, బాక్సు వైర్లు పీకి చంకలో పెట్టుకుని పెరటి దారిన పరిగెత్తాను. పక్కింటి వెంకటరావమ్మ గారి కొట్టంలో మిరపకాయల టిక్కీ బస్తాలు ఉన్నాయి. ఒక టిక్కీ మూతి విప్పి, మోచేతుల దాకా చేతులు కాయల్లోకి దూర్చి, బాక్సును, డిస్కుల సంచిని అడుగుకు తోసి మళ్ళీ కట్టేశాను. బాక్సుకు ఒక గుడ్డయినా చుట్టలేదు. చుట్టాలని తోచనే లేదు. చేతులు మండుతుంటే మజ్జిగలో ముంచుకుని కూర్చున్నాను.

మూడు రోజులు సెంటర్ తెరవలేదు. సోమవారం సీతారామాంజనేయులు గారు వచ్చి నవ్వారు. "జీపా? అది మా కొట్టుకొచ్చిందయ్యా. నకిలీ పత్తి విత్తనాలేమైనా ఉన్నాయేమోనని వ్యవసాయం ఆఫీసోళ్ళు వచ్చారు. నీ బొమ్మలాట ఎవడిక్కావాలి?" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. వెళ్ళి బాక్సు, డిస్కులు తీసుకొచ్చాను. పైన అంటిన గింజలు, పొట్టు తుడిచాను. అక్కా, పైనే తుడిచాను.

నువ్వు వెళ్ళేటప్పుడు రెండు మాటలు చెప్పావు. మిరపకాయ మన గడప దాటి లోపలికి రాకూడదన్నావు. రెండేళ్ళుగా రానివ్వలేదు. అమ్మ తొడిమలు తీయడానికి వెంకటరావమ్మ గారింటికే వెళ్ళి, చీర మార్చుకుని గాని లోపలికి అడుగు పెట్టదు. రెండో మాట, నస్రత్ ఇన్‌హేలర్. బస్సు ఎక్కబోతూ నా చొక్కా జేబులో పెట్టి, పైనుంచి అరచేత్తో అదిమి, "ఇది ఇక్కడే ఉండాలిరా," అన్నావు. అక్కడే ఉంటోంది. చొక్కా మార్చినప్పుడల్లా ముందు అదే మారుస్తాను. ఆ రెండు మాటలూ నేను తప్పలేదు. తప్పకుండానే ఇంత పని చేశాను.

ఆ రోజు స్కూలు ఒంటిపూట. నస్రత్ ఇంట్లోనే ఉంది. మూడు రోజుల తర్వాత బాక్సు వచ్చిందని అది ఎగిరి గంతేసింది. కార్ల ఆటలో దాన్ని మించినవాళ్ళు సెంటర్లో లేరు. బుడేను రోజూ ఓడిస్తుంది. మొదటి ఆట నాదేనని బాక్సు ముందే చాప మీద కూర్చుంది. ఎండకు తెర కనపడదని కిటికీ మూశాను. జీపు భయం ఇంకా పూర్తిగా పోలేదు కాబట్టి తలుపు గడియ కూడా పెట్టాను. లోపల నస్రత్, నేను, బుడే, వీరబాబు ఉన్నాం. స్విచ్చి వేశాను.

ఫ్యాను తిరిగింది. బాక్సు లోపల వేడెక్కిన కారం మొత్తం ఒక్కసారిగా గదిలోకి కొట్టింది. పోపులో ఎండుమిరపకాయ మాడితే వచ్చే ఘాటు నీకు తెలుసు కదా, దానికి పదింతలు. కళ్ళు తెరవలేకపోయాం. వీరబాబు గడియ కోసం గోడంతా తడుముకున్నాడు. వాడు ఎలాగో తీశాడు. బయటపడ్డాం, వాకిట్లో కూలబడి దగ్గుతున్నాం. బుడే మళ్ళీ లోపలికి పరిగెత్తి నస్రత్‌ను భుజాన వేసుకొచ్చాడు. అప్పటికి దాని పెదాలు నల్లబడ్డాయి. గుండె కింద ఎముకలు లోపలికి పోతున్నాయి. ఊపిరి లోపలికి వెళ్ళడం లేదు, ఈల లాంటి చప్పుడు మాత్రం వస్తోంది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

బుడే ఆటోలో గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. దారిలో ఎన్నిసార్లు హారన్ కొట్టాడో. నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని పేరు పిలుస్తూనే ఉన్నాను. ఏటుకూరు దగ్గర ఒక్కసారి పలకడం ఆగిపోయింది. అల్లా మీద ఒట్టు అక్కా, నేను అక్కడే చచ్చిపోయాను. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు, ఇంజెక్షన్లు చేశారు. రెండు రోజులు ఏ మాటా చెప్పలేమన్నారు. శుక్రవారం నువ్వు ఫోన్ చేసినప్పుడు మేం ఆస్పత్రి వరండాలో ఉన్నాం. నస్రత్ స్కూలుకెళ్ళిందని అమ్మ నీకు చెప్పిన అబద్ధం కూడా నాదే. శనివారం ఇంటికి పంపారు. ఇప్పుడు బాగుంది. నిన్న రెండు ఇడ్లీలు తిని మూడోది అడిగింది. ఇవాళ పొద్దున మెట్లెక్కింది, ఆయాసపడలేదు. అది చూశాకే పైన క్షేమమని రాశాను.

అమ్మ మొదటి రోజు నన్ను ఒకే ఒక్క మాట అంది. "దూది ఏకే ఇంట పుట్టి, మీ నాన్న ముక్కుకు గుడ్డ లేకుండా ఏకే విల్లు ముట్టుకోకపోవడం చూసి కూడా, దుమ్మంటే ఏంటో తెలియలేదంట్రా నీకు?" అంది.

ఇక్కడితో ఉత్తరం ముగించొచ్చు. ఊళ్ళో అందరికీ తెలిసిన కథ ఇంతే. తెలియక జరిగిన ప్రమాదం, పాపం ఇలియాసు అంటున్నారు. కానీ నీకు చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు. పైన 'బయటపడ్డాం' అని రాశాను చూడు, ఆ మాట చాటున దాక్కున్నాను.

గడియ తెరుచుకోగానే నేను వట్టి చేతులతో బయటికి రాలేదు అక్కా. వంగి, వైర్లు పీకి, బాక్సు ఎత్తుకుని వచ్చాను. నస్రత్ దాని పక్కనే, నా మోకాలికి తగులుతూనే ఉంది. బాక్సు కోసం వంగినప్పుడు నస్రత్ చెయ్యి నా చొక్కా పట్టుకుంది. విడిపించుకుని వచ్చేశాను. కళ్ళు కనపడలేదని ఆస్పత్రిలో అందరికీ చెప్పాను. బాక్సు కనపడింది కదా. వాకిట్లోకి వచ్చి దాన్ని అరుగు మీద జాగ్రత్తగా, పగలకుండా పెట్టాను. బుడే పిల్లను మోసుకొచ్చి, "ఒరేయ్ ఇలియాసూ, మందేదిరా, మందేది!" అని అరిచేదాకా నాకు ఒంటి మీద స్పృహ లేదు. మందు నా జేబులో ఉంది. నువ్వు చెప్పినచోటే ఉంది. అప్పుడు తీసి కొట్టినా ఊపిరి అందలేదు. దాన్ని కూడా నాతో పాటే బయటికి తెచ్చేసుకుని, పిల్లను లోపల వదిలేశాను.

బుడే చూశాడు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆటోలో అద్దంలోంచి ఒకసారి నా వంక చూశాడు, అంతే. సెంటర్‌కు రావడం మానేశాడు.

నస్రత్ కూడా చూసింది. ముక్కు మీది మాస్కు తీసిన రోజు అది అడిగిన మొదటి మాట, "మామా, బాక్సు బాగుందా?" అని. దెప్పడానికి కాదు, నిజంగానే అడిగింది. నేను ఏడిస్తే, "అమ్మ పంపింది కదా మామా, అందుకే దాన్ని ముందు తీశావు, నాకు తెలుసులే," అని నన్నే ఓదార్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల నా కోసం ఒక సాకు వెతికి పెట్టింది. ఎవరికీ చెప్పనని కూడా మాటిచ్చింది. అప్పుడే నీకు రాయాలని నిశ్చయించుకున్నాను. నా తప్పును అది మోయకూడదు.

నాకు భయంగా ఉంది అక్కా. జైలు భయం అంటే ఏంటో ఆ మూడు రోజుల్లో చూశాను, ఇది దానికంటే పెద్దది. ఫ్యాను చప్పుడు వింటే భయం. నస్రత్ నిద్రపోతుంటే ఊపిరి వినపడకపోయినా భయం, వినపడినా భయం. నువ్వు ఇది చదివి ఏమంటావోనని భయం. నన్ను నేను నమ్మలేకపోతున్నాను, అదే అన్నిటికంటే ఎక్కువ. మళ్ళీ అలాంటి నిమిషం వస్తే నా చేతులు దేని కోసం వంగుతాయో నాకు తెలియదు.

బిడ్డ ఎక్కడ ఉండాలో నువ్వే చెప్పు. పొదిలి పంపమంటే రహమతున్నీసా గారి ఇంట్లో నేనే దించి వస్తాను, ఎదురు మాట్లాడను. ఇక్కడే ఉండమంటే అమ్మ దగ్గర ఉంటుంది. బాక్సు అరుగు మీద పెట్టింది పెట్టినట్టే ఉంది. ముట్టుకోబుద్ధి కాలేదు.

ఇంకొక్క మాట. అమ్మ పాత బొంత గుడ్డతో చిన్న సంచి కుట్టింది. అందులో ఇన్‌హేలర్ వేసి నస్రత్ మెడలో కట్టాం. పడుకున్నా తీయడం లేదు. రెండేళ్ళ అలవాటు కదా, గడప దాటేటప్పుడల్లా నా చెయ్యి జేబు మీదికి పోతోంది. అక్కడ ఏమీ ఉండటం లేదు.

ఇట్లు,
ఇంకా ఆ మాటకు తగుదునంటే,
నీ తమ్ముడు,
ఇలియాస్