గొర్లు దిగే తొవ్వ

గురువారం, మామీర్ లేబర్ క్యాంపు

ఇయ్యాల జింకల పార్కు గుట్ట మీద మేమేసిన కంకర సైకిల్ తొవ్వ తెరిచిన్రు.

ఇంజనీర్ సాబ్ మొదలు దాన్ని పైకెల్లి కిందికి నిలువుగ గీసిండు. "వానొస్తే కంకర కొట్టుకపోతది సార్, గొర్లు దిగినట్టు గుట్టకు అడ్డంగ తిప్పుకుంట దింపుదాం" అన్న. "ఈ ఎడారి దేశంల వాననా భాయ్?" అని నవ్విండు. ఒక్కటే వాన కొట్టింది, తొవ్వ ఖలాస్. అప్పుడు సున్నం డబ్బా నా చేతుల వెట్టి, "యల్లా, కానియ్ భాయ్, నువ్వే గీయి" అన్నడు.

మా నాయినతోని గొర్లు కాసినప్పటి లెక్కనే నడుసుకుంట గీసిన. నాకు తెల్వకుంటనే గొర్లను అదిలిచ్చే కూత నోట్లెకెల్లి వచ్చింది. ఎనుక పారలు వట్టుకున్నోళ్లంత పడిపడి నవ్విన్రు. నవ్వనీ.

సైకిళ్లోళ్లు మలుపులు తిరగకుంట అడ్డం కోసి నిలువుగ దిగుతరేమోనని ఒకటే రంది. రేపటి సంది మా డ్యూటీ వేరే తాన. చూడవోదామంటే పార్కులకు పోయే పాసు గూడ ఉండదు.

అయినా పొద్దుగాల రిబ్బన్ కట్టేటప్పుడు చూసిన. నిన్న చదును జేసిన సన్న కంకర మీద పైనుంచి కిందిదాక జింకల డెక్కల గుర్తులు. అవి ఒక్క మలుపు గూడ అడ్డం కొయ్యలే. ఇంజనీర్ సాబ్ గూడ వంగి చూసిండు.

ఈసారి నవ్వలే.