దోసిందా పలికిన ‘చేగ’

కోర్మె రేవు, మంగళవారం

అమ్మా, నా జ్వరం తగ్గింది, బెంగ పెట్టుకోకు.

నిన్న నా చేతుల్లో ఓ ప్రాణం పోవలసింది. జాలరుల ఇంటి కోడలు దోసిందాకు తొలికాన్పు. పొద్దుటి నుంచి "చేగ! చేగ!" అని ఒకటే అరుపు. వీళ్ళ భాష నాకింకా సరిగా పట్టుబడలేదు; మన సమోరాలో "యేగ" అంటే వస్తోందనేగా! బిడ్డ వస్తోంది కాబోలని, "ముక్కు, గట్టిగా ముక్కు" అని తొందరపెట్టాను. మధ్యాహ్నానికి పెదాలు తెల్లబడి కళ్ళు తేలేసింది. అత్తగారు ఎర్మితాస్ నా మణికట్టు పట్టుకుంది.

"ఏం మంత్రసానివే తల్లీ! వస్తోందనడం లేదు, ఇక చాలంటోంది. కాస్త ఊపిరి తీసుకోనియ్!"

వెంటనే ముక్కడం మాన్పించి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, కోడి చారు తాగించాను. కాసేపు కునుకు తీసింది. దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం.

ఇవాళ బాప్తిస్మానికి వచ్చిన ఫాదర్‌ని అడిగాను. మన మాటా వీళ్ళ మాటా ఒకే లాటిన్ క్రియకు పుట్టాయట. దానికి మొదటి అర్థం మడవడం. రేవు చేరిన ఓడవాళ్ళు తెరచాపలు మడిచేవారు గనక చేరుకోవడమైందని కొందరంటారట. ఇక్కడేమో, సరిపడేంత చేరితే చాలు అని కూడా అయింది.

నా ఉన్ని మేజోళ్ళు పంపు. నాన్న దగ్గు ఎలా ఉంది? చెల్లి లెయోకాదియాకు నెలలు నిండాయి కదా, నేను రాలేను. తమ్ముళ్ళకు ముద్దులు. కాన్పప్పుడు కసిల్దా పిన్నిని దాని తల దగ్గర నిలబడి ముక్కమని అరవనీయకు. అది చాలంటే వినమ్మా.

నీ సెవెరీనా