నీలం లంగా బొమ్మ

వదినగారికి నమస్కారాలు.

మీరు ఫోన్ చేసిన సంగతి మీ తమ్ముడు చెప్పారు. అత్తయ్య నీలం చీర ముక్క ఒక్కటైనా మిగిలి ఉంటే, అమ్మ గుర్తుగా దాచుకుంటాను పంపమన్నారట. మీకు గుర్తు లేకపోవచ్చు గానీ, అత్తయ్య పోయాక బీరువా ఖాళీ చేస్తూ ఆ చీరను నేల తుడిచే గుడ్డల్లో పడేసింది మీరే. "చివికిపోయింది, ఇంకెవరు కడతారు" అన్నారు. నిజమే, మనుషులు కట్టేలా లేదు. అందుకే కొంగు దగ్గర గట్టిగా ఉన్న జానెడు ముక్క కత్తిరించి, నా రెండు జడల బొమ్మకు లంగా కుట్టాను.

ఆ బొమ్మ మీకు తెలిసిందే. కిందటిసారి వచ్చినప్పుడు నా బొమ్మల అల్మరాలోంచి దాన్నే తీసి, "మనవల్ని ఎత్తుకునే వయసులో బొమ్మలకు బట్టలేంటి, పనీపాటా లేనట్టుంది" అని అన్నయ్యగారికి కూడా చూపించి నవ్వారు.

లంగా ఒక్కటే విప్పి పంపుదామంటే కుదరదు. పోగులు ఊడొస్తాయని హుక్కులు పెట్టకుండా బొమ్మ నడుముకే కుట్టేశాను. కాబట్టి బొమ్మనే పంపుతున్నాను. ఎండ తగలనివ్వకండి. మీ హాల్లో అద్దాల బీరువాలో, వెండి గిన్నెల పక్కన బాగుంటుంది.

వచ్చినవాళ్లు ఈ వయసులో బొమ్మలేంటని నవ్వుతారు, నవ్వనివ్వండి. అది మీ అమ్మ చీర అని మాత్రం చెప్పకండి, పాపం, చిన్నబుచ్చుకుంటారు. మీరు నవ్విన రోజు నేనూ చెప్పలేదు కదా.

మీ మరదలు