214 నంబరు ఆవు జున్నుపాలు

జూలై 24, గురువారం

ఇక్కడ పనిలో చేరి ఎనిమిదో రోజు. వాన ఆగలేదు. సిటీలో పాపటోయిటోయి వేర్‌హౌస్‌లో రెండేళ్లు పనిచేశాను, అక్కడ వానంటే బస్‌స్టాప్ నుంచి ఫ్లాట్ దాకా పరుగే. ఈ తరనాకి పల్లెల్లో జూలై అంటే నడి చలికాలం, వాన అడ్డంగా వచ్చి మొహాన కొడుతోంది. మూడు జతల సాక్సులు వేసుకున్నా వేళ్లు తిమ్మిరెక్కాయి.

అయినా ఇవాళ పదకొండు దూడలు పుట్టాయి. ఆ బురదలో, ఆ చలిలో! తల్లి నాకుతూ ఉండగానే లేచి నిలబడుతున్నాయి. ప్రతిసారీ నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఇలా చూస్తూ కూర్చుంటే పనెప్పుడవుతుందమ్మా అని వంశీకృష్ణ అన్న నవ్వాడు. గుంటూరాయన, ఈ డెయిరీ ఫామ్‌లో ఆరేళ్లుగా ఉన్నాడు. నాకీ ఉద్యోగం చెప్పింది ఆయనే. దూడలకు పాలు పట్టడం నా పని. మూడు నెలలు ట్రయల్. ఓనరు బెవ్ ఉంచుకుంటే వీసా, లేకపోతే వెనక్కి మా ఊరు అద్దంకి.

జూలై 29, మంగళవారం

బెవ్‌కి అరవై నాలుగేళ్లట. మాటలు తక్కువ. ఇవాళ మాత్రం ఒకే మాట రెండుసార్లు చెప్పింది. కాలికి ఎర్ర బ్యాండ్ ఉన్న ముసలి ఆవులకి ఈనిన రోజు రెండు లీటర్లే తియ్యాలట, పొదుగు ఖాళీ చెయ్యకూడదట. ఎందుకని అడగలేదు. యస్ యస్ అన్నాను. ఇంగ్లీషులో ఎవరేం చెప్పినా ముందు యస్ అనేస్తాను. ఈ అలవాటు ఎప్పుడు పోతుందో.

ఆగస్టు 2, శనివారం

తరనాకి కొండ కనపడింది! ఇన్నాళ్లూ అందరూ అటు చెయ్యి చూపించి అక్కడుంది అంటుంటే సరేలే అనుకున్నాను. పొద్దున మబ్బు విడిపోయింది. షెడ్డు వెనకాలే, సగం ఆకాశం దాకా, తెల్లగా మంచు! బకెట్ కింద పెట్టేసి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాను. దూడలు ఆకలికి అరుస్తూనే ఉన్నాయి. పది నిమిషాల్లో మళ్లీ మూసుకుపోయింది.

ఆగస్టు 5, మంగళవారం

జున్ను తిన్నాం!!

214 పొద్దున ఈనింది. జెర్సీ, తొమ్మిదేళ్లది, ఎర్ర బ్యాండ్. దూడ పెద్దది కావడంతో బెవ్, వంశీ అన్న ఇద్దరూ కలిసి లాగాల్సి వచ్చింది. రెండు లీటర్లు తీసి వదిలేశారు. సాయంత్రం వాళ్లు వెళ్లాక బకెట్ పట్టుకుని దాని దగ్గరకి వెళ్లాను. పొదుగు బిగిసిపోయి ఉంది. ఇంత పాలు ఉంచేసి వెళ్లిపోతారా, పాపం దానికెంత సలుపు అనుకున్నాను. మా అమ్మమ్మయితే పొదుగులో చుక్క మిగిల్చి లేచేది కాదు. నిజానికి నాకు ఒక చెంబు చాలు. కానీ ఆ పసుపు, ఆ చిక్కదనం చూశాక చెయ్యి ఆగలేదు. మొత్తం పిండేశాను. అది కదలకుండా నిలబడింది.

బెల్లం, మిరియాలు, యాలకులు. ఆవిరి మీద పెట్టాను, రాత్రి ఇద్దర్నీ తినడానికి పిలిచాను. కత్తితో కోస్తే ముక్క నిలబడింది. వంశీ అన్న గిన్నె అడుగు దాకా గీకి తిన్నాడు, కళ్లలో నీళ్లు. బెవ్ రెండు ముక్కలు తిని, నలభై ఏళ్లుగా ఈ పాలు దూడలకి పోస్తున్నాను, ఇలా అవుతాయని ఒక్కరూ చెప్పలేదే అంది. మిగిలిన పాలు దూడల డ్రమ్ములో పోసేశాను. ఏ ఆవు పాలని బెవ్ అడగలేదు. నేను చెప్పలేదు.

ఆగస్టు 6, ఉదయం 7

214 పడిపోయింది. వానలో, బురదలో, మెడ డొక్క మీదకి తిప్పేసుకుని. చెవులు ఐసులా ఉన్నాయి. బెవ్ చర్మం కిందకి ఒక సీసా కాల్షియం ఎక్కించింది. ఈనగానే ఒంట్లో కాల్షియమంతా పాలలోకి పోతే ముసలి ఆవులు ఇలా పడిపోతాయట. పొదుగు ఖాళీ చెయ్యొద్దనేది అందుకేనట. వంశీ అన్న ఇప్పుడు చెప్పాడు.

అంటే నేనే.

ఉదయం 10

లేవలేదు. రెండు లీటర్లే తీశాం కదా, కాల్షియం తగ్గడమే అయితే ఈపాటికి లేచేది, దూడని లాగినప్పుడు నడుం పోయి ఉంటుంది అంటోంది బెవ్. నడుం పోతే మందు లేదు. దాన్ని బాధపెట్టి ఉంచనని, మధ్యాహ్నానికి తుపాకీ తెస్తానని అంది. పక్కనే నిలబడి తలూపాను. తలూపాను! ఛీ, నా బతుకు.

చెప్తే నా ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే దాని ప్రాణం పోతుంది. వంశీ అన్నకి చెప్పేశాను.  ఆయన, నేను చెప్తే అది చాడీ అవుద్ది నిరుపమా, నువ్వే వెళ్లు అన్నాడు.

మధ్యాహ్నం 2

బురద బట్టలతోనే కూర్చుని రాస్తున్నాను.

పదకొండింటికి వెళ్లి చెప్పాను. బెవ్ చేతిలో తుపాకీ బీరువా తాళం ఉంది. మొత్తం తీశావా అంది. మొత్తం అన్నాను. తిట్టలేదు, నా వైపు చూడను కూడా లేదు. అయితే ఒక సీసా ఏ మూలకి అని గొణుక్కుంటూ పరుగెత్తింది, ఆ వయసులో, ఆ గమ్‌బూట్లతో.

రెండో సీసా మెడ దగ్గర రక్తనాళంలోకి. మెల్లగా ఎక్కించాలట, తొందరపడితే గుండె ఆగిపోతుందట. నన్ను బురదలో కూర్చోబెట్టి ముందు కాలి వెనక చెవి ఆనించమంది. గుండె తడబడితే అరవమంది. మొదట వాన చప్పుడే. తర్వాత ఎక్కడో లోపల, సన్నగా. సీసా సగమయ్యేసరికి నా చెవికే వచ్చి కొడుతోంది! దాని ఒళ్లంతా వణికింది. పెద్దగా తేన్చింది. పేడ వేసింది. ముట్టె మీద చెమట చుక్కలు పుట్టాయి. వెనక కాళ్లు ఎత్తింది, ఆగింది, లేచి నిలబడింది.

అరగంట కింద చచ్చిపోతున్న జీవం! నాలుగొందల కిలోలు! మోకాళ్ల మీదే ఉండి పైకి చూస్తూ ఏడ్చాను. ఇంత ఒళ్లు, ఇంత ప్రాణం, ఒక సీసాడు మందుతో తిరిగొచ్చేస్తుందా? దేవుడా, నాకేం అర్థం కావడం లేదు.

ఆగస్టు 7, గురువారం

బెవ్ పిలిచింది. తప్పు చేసినందుకు ఇంతవరకూ ఎవర్నీ పనిలోంచి పంపలేదట. నాలుగు గంటలు నోరు మూసుకున్నందుకు మాత్రం కోపం పోలేదట, ఎప్పుడు పోతుందో తనకే తెలియదట. రేపు ఐదింటికి షెడ్డులో ఉండమంది. ముసలి ఆవుల్ని ఇక నన్నే చూసుకోమంది.

బయటికొచ్చి వానలో కాసేపు నిలబడ్డాను.

ఆగస్టు 9, శనివారం

214 ఇవాళ తన్నింది. మోకాలు కమిలి నల్లబడింది, కుంటుతున్నాను. అబ్బ, ఎంత బలం! ఎంత బలం దీనికి!