అంచు మీది పేరు

మల్కాపురం,
11-1-2026

బావా రమణమూర్తీ,

ఎల్లారావుని రాస్తున్నాను. ఉత్తరం చూసి కంగారు పడకు, ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే సగం మాట చెప్పి ధైర్యం చాలక, వరి ఎంత పండిందని అడిగి పెట్టేస్తాను. నా సంగతి నీకు తెలియనిదా.

మా హిమబిందు నీకు ఫోన్ చేసిందట, తను పాఠాలు చెప్పే స్కూల్లో ఇరవయ్యారో తారీఖు జెండా పండక్కి రమ్మని. నేను సంతోషపడతానని నాకు చెప్పకుండా చేసింది. నువ్వు వస్తానన్నావట. వేదిక మీద మనిద్దరికీ పక్కపక్కనే కుర్చీలట. ఆ మాట విన్నప్పటినుంచి ముద్ద దిగడం లేదు బావా. నా చొక్కా మీద నీ పతకం ఉంటుంది.

మొదటినుంచీ చెబుతాను. నేవీలోంచి వచ్చేశాక నాకు పతకాల పిచ్చి పట్టింది. ఆదివారం అపార్టుమెంటు గేటు డ్యూటీ దిగగానే కంచరపాలెంలో కోటి పాతసామాను కొట్టుకి పోతాను. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయినప్పటిది, డెబ్బయ్యయిదేళ్ళయినప్పటిది, తొమ్మిదేళ్ళ సర్వీసుది, ముప్ఫయ్యేళ్ళది, ఏది దొరికినా తెచ్చి ముందుగదిలో నీలం మఖమలు పలక మీద గుచ్చుతాను. బొమ్మ తర్వాత, ముందు అంచు చూస్తాను. అందుకున్నవాడి నంబరూ పేరూ అక్కడే కదా చెక్కుతారు. ఎవడో, ఏ ఊరివాడో అనుకుంటూ కూర్చుంటే నాకు పొద్దు తెలియదు. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. కొన్నది గోడకు పెట్టొచ్చు, గుండెకు పెట్టకూడదు.

మూడేళ్ళ కిందట కోటి ఒక బిస్కెట్ డబ్బా నా ముందుకు తోశాడు. అందులో ఇరవయ్యేళ్ళ సర్వీసు పతకం. అంచు తిప్పితే నీ నంబరు, నీ పేరు. "ఏటి బావా, అలాగ సూత్తన్నావ్? దెయ్యం కనపడిందేటి?" అన్నాడు కోటి. ఎవరు తెచ్చారని అడిగితే, "ఎవులు తెచ్చారో నాకేటి తెలుసు, సంచిలో వచ్చింది" అన్నాడు. కోపం తన్నుకొచ్చింది. నాకు దక్కనిది నీకు పాత ఇనుమైపోయిందా అనుకున్నాను. బేరమాడి కొనేసి, పలక మీద అన్నిటికంటే కింద మూలన గుచ్చాను.

ఆ ఆగస్టులో స్కూలు వాళ్ళు నన్ను జెండా పండక్కి పిలిచారు. నా తొమ్మిదేళ్ళదీ, యాభయ్యేళ్ళ స్వాతంత్ర్యానిదీ చొక్కాకి పెట్టమని బిందుకి ఇచ్చి స్నానానికి వెళ్ళాను. వచ్చి చొక్కా తొడుక్కుని ఆటో ఎక్కాను. పలక మీదవన్నీ నావే అనుకుంది ఆ పిచ్చిది. వేదిక ఎక్కాక హెడ్మిస్ట్రెస్ పద్మావతి గారు మైకులో, "ఇరవయ్యేళ్ళు దేశసేవ చేసిన వీరుడు" అన్నారు. కిందికి చూసుకుంటే మూడోది, నీ ఇరవయ్యేళ్ళది, వేలాడుతోంది. అప్పుడే లేచి కాదనాల్సింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. కుడి చెవి పోయినా, ఎడమ చెవికి సరిపడా వినపడ్డాయి. నోరు మూసుకున్నాను.

అంతే, ఇరుక్కుపోయాను. నా ఫొటో స్కూలు గోడకెక్కింది. రెండో ఏడు అది తీసేసి వెళ్తే ముందు వరసలో పిల్ల, "సార్, మూడోదేదీ?" అంది. ఇంట్లో మరిచిపోయానన్నాను. తర్వాత పెట్టుకోక తప్పలేదు. జ్వరమని పడుకుంటే మేడం కారు పంపించారు. బిందుని అక్కడ అందరూ "వీరుడి కూతురు" అంటారు. ఇప్పుడు నిజం చెబితే దాని ముఖం ఎక్కడ పెట్టుకుంటుంది? గేటు దగ్గర గదిలో పన్నెండు గంటలు కూర్చుని ఇదే తిప్పి తిప్పి ఆలోచిస్తాను. ఏ వైపునా తలుపు కనపడటం లేదు.

ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్నది కూడా రాసేస్తున్నాను. ఆ రోజు ఓడ ఇంజన్ రూములో వాచ్ డ్యూటీ మనిద్దరిదీ. ప్రెషర్ మీటరు చూడాల్సింది నువ్వు. సిగరెట్టుకని పైకి పోయావు. స్టీము పైపు పేలింది, నా చెవి పోయింది. విచారణలో "ఇద్దరం అక్కడే ఉన్నాం" అని చెప్పాను. సర్వీసు పదిహేనేళ్ళకి మెడికల్లో పనికిరానని నన్ను ఇంటికి పంపారు, నీకు పొడిగింపు ఇచ్చారు. దానికి నాకు ఏడుపు లేదు. కానీ ఒక్కసారి, ఒక్కసారైనా నువ్వా మాట ఎత్తలేదు. ఏ పెళ్ళిలో కలిసినా వచ్చి నా పక్కనే కూర్చుంటావు, ఏదో గొణుగుతావు, వెళ్ళిపోతావు. అది నాకు చాలా బాధ బావా.

నీకోసం నేనొక అబద్ధం ఆడాను. నాకోసం నువ్వొకటి ఆడు. ఒంట్లో బాగోలేదని బిందుకి చెప్పి ఆగిపో.

పైడితల్లి చెల్లిని అడిగానని చెప్పు.

నీ
ఎల్లారావు


పద్మనాభం,
17-1-2026

ఒరే ఎల్లారావ్,

నీ ఉత్తరం గట్టు మీద కూర్చుని రెండుసార్లు చదివాను. మూడోసారి పైడితల్లి చదివింది. చదివి నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆ సిగరెట్టు సంగతి తనకీ తెలియదు మరి.

నా పతకం సంచిలో రాలేదురా. ఆదివారాలు నువ్వక్కడికి పోతావని తెలిసి నేనే పట్టుకెళ్ళి కోటి చేతిలో పెట్టాను. ఎల్లారావు వచ్చినప్పుడు తప్ప ఇంకెవరికీ చూపించొద్దన్నాను. ఊరికే ఇస్తే అనుమానపడతావని బేరం కూడా ఆడమన్నాను. చేతికిస్తే నా ముఖాన కొడతావని భయం. అది నా ఇంట్లో గోడకి ఉన్నన్నాళ్ళూ భోజనానికి కూర్చుంటే ఎదురుగా నువ్వే కనపడేవాడివి. నీ ఇంట్లో ఉంటే చాలనుకున్నాను. అది నీకు ఉరితాడు అవుతుందని నాకేం తెలుసు.

ఆ మాట ఎత్తలేదన్నావు. ఎత్తానురా. మీ తమ్ముడి పెళ్ళిలో ఎత్తాను, మా అమ్మాయి సత్యశ్రీ పెళ్ళిలో ఎత్తాను, మనతో నేవీలో చేసిన సత్యం సంతాప సభలో ఎత్తాను. ప్రతిసారీ నీ కుడి పక్కనే కూర్చున్నాను, గుర్తు చేసుకో. వినపడని చెవి అని తెలిసే అటు కూర్చున్నాను. "తప్పు నాదిరా, క్షమించు" అని గొణిగి, చెప్పేశాను కదా అని మనసుకి సర్దిచెప్పుకుని బస్సెక్కేవాణ్ణి. ఇంతకంటే పిరికితనం ఉంటుందా?

నువ్వడిగిన అబద్ధం ఆడను. ఇద్దరం కలిసి ఆడింది చాలు. నేను వస్తున్నాను. నీ పతకాలు రెండే పెట్టుకో, నాది జేబులో వేసుకురా. మైకు ముందు నాకివ్వు. అంచు మీద ఎవరి పేరుందో ముందు వరసలో ఆ పిల్ల చేతే చదివిస్తాను. ఆ పేరుగలవాడు వాచ్ వదిలి ఎక్కడికి పోయాడో, ఎవరు తన చెవి పోగొట్టుకుని వాడి ఉద్యోగం నిలబెట్టారో నేను చెబుతాను. మూడోది ఎందుకు పెట్టుకున్నావో నువ్వు చెప్పు. బిందు ముఖం గురించి దిగులు పడకు, నిన్న ఫోన్ చేసి దానికంతా చెప్పేశాను. చాలాసేపు ఏడ్చి, "మావయ్యా, నాన్నని పిన్ను పెట్టుకోవద్దనండి, నేనే పెడతాను. ఈసారి రెండే" అంది.

ఒక్క పని మాత్రం చేయించు. నా కుర్చీ నీ ఎడమ పక్కన వేయమను.

నీ బావ
రమణమూర్తి