ఇస్రాయేలు పేరు కొట్టివేయుట గురించి

నాగర్‌కర్నూలు,
తేది: 27-8-2007.

శ్రీయుత సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారి సముఖమునకు,
రాళ్లగడ్డ పోలీస్ స్టేషన్, హైదరాబాదు.

అర్జీదారు: కురుమూర్తి, తండ్రి లింగయ్య, వయస్సు 38 సంవత్సరాలు, వృత్తి వ్యవసాయం, లింగాల మండలం, మహబూబ్‌నగర్ జిల్లా.

అయ్యా,

విషయం: తమ స్టేషన్ అనుమానితుల జాబితా నుండి ఆటో డ్రైవరు ఇస్రాయేలు పేరు తొలగించి, అతని ఆటోను విడిచిపెట్టుట గురించి, అర్జీదారు చెప్పిన అబద్ధమును అర్జీదారే ఒప్పుకొనుట గురించి.

పై విషయమై తమతో మనవి చేసుకొనే సంగతులు ఈ దిగువ వరుసగా రాస్తున్నాను.

1. నేను రెండెకరాల చెల్క గల రైతును. పదో తరగతి వరకు చదివాను. మూడేళ్ల క్రితం కరువుకు నేనూ నా భార్య జములమ్మా బిడ్డ మాలతిని వెంటబెట్టుకొని పట్నం వచ్చి, తమ స్టేషన్ పరిధిలోని రాళ్లగడ్డ బస్తీలో రేకుల గది కిరాయికి తీసుకున్నాము. నిరుడు మా నాయన పక్షవాతంతో మంచం పట్టగా నేను ఊరికి తిరిగిపోయాను. మాలతి అక్కడి సర్కారు బడిలో ఎనిమిదో తరగతి చదువుతుండటం చేత, జములమ్మకు ఒక ప్రైవేటు దవాఖానలో ఆయా పని ఉండటం చేత, వాళ్లిద్దరూ బస్తీలోనే ఉండిపోయారు. నేను నెలకొకసారి నాగర్‌కర్నూలులో బస్సెక్కి వచ్చి చూసి పోతుంటాను.

2. బస్తీ నుండి పెద్ద రోడ్డుకు పాత క్వారీ గుంత అంచున ఒకటే బాట. ఆరు కరెంటు స్తంభాలు ఉన్నవి, ఒక్కదానికీ దీపం లేదు. దవాఖానలో పని ఆరింటికి మొదలు కనుక జములమ్మతో కలిసి ఏడుగురు ఆడవాళ్లు తెల్లవారుజామున ఐదింటికే బయలుదేరాలి. ఆ ఏడుగురినీ సదరు ఇస్రాయేలు తన ఆటోలో బస్టాపు దాకా దింపేవాడు. పైసలు తీసుకునేవాడు కాడు. "ఎట్లయినా స్టాండుకు పోతున్న గద, ఎక్కుండ్రి" అనేవాడట.

ఇస్రాయేలుకు నలభై ఏళ్లుంటాయి. భార్య చనిపోయింది. ఊరు గద్వాల పక్కన. జములమ్మ పుట్టినిల్లు కూడా గద్వాల పక్కనే. వాళ్లు మాట్లాడుకుంటే నడుమ నడుమ కన్నడం దొర్లుతుంది, అది నాకు అర్థం కాదు. అర్థం కాని చోటనే వాళ్లు నవ్వుతారు. ఆమెను అక్కా అంటాడు, నన్ను బావా అంటాడు. వరుస సరిగ్గానే ఉంది. అయినా ఆ పిలుపుకు నేను ఎన్నడూ పలకలేదు.

3. మా ఊరిలో ఏ అరుగు మీద కూర్చున్నా పట్నం నేరాల మాటే. టీవీలో చూసింది చూసినట్టు చెప్పుకుంటారు. "ఏంది కురుమూర్తి, పెండ్లాన్ని గట్ల ఒక్కదాన్నే ఇడ్సిపెట్టినవ్? గా పట్నంల పొద్దుగాల బయటికి పోతె మల్ల ఇల్లు చేరుతరా?" అని అడిగేవారు. నాకు నిద్ర పట్టేది కాదు. జూన్ నెలాఖరున వచ్చినప్పుడు జములమ్మను అడిగాను.

"నీకు ఈడ భయమైతలేదా?"

ఆమె బియ్యం ఏరుతున్నది. తల కూడా ఎత్తలేదు. "ఇస్రాయేలు ఉండంగ భయమేంది?" అన్నది.

అయ్యా, మాకు పెండ్లయి పదిహేనేళ్లు. ఒకసారి నల్లమల నుండి ఎలుగుబంటి దిగి మా పల్లికాయ చేనులో పడ్డది. కట్టె పట్టుకొని నేను ముందు నిలబడ్డాను. అప్పుడు ఈమె వెనుక నుండి "ఓ మాలతోళ్ల నాయినా, నీతోని కాదు, ఇంట్లకు రా" అని అరిచింది. నన్ను చూసి ఆమెకు ధైర్యం కలిగిన సందర్భం నాకు ఒక్కటి కూడా గుర్తు లేదు. ఆ రోజు రాళ్లగడ్డలో రేకుల కింద కూర్చొని పదిహేనేళ్లు వెదికాను. దొరకలేదు. దీనిని అర్జీలో ఏ మాటతో రాయాలో తెలియక ఈర్ష్య అని రాస్తున్నాను. ఆ మాట చాలదు.

4. మరునాడు తమ స్టేషన్ వారు బస్తీలో సభ పెట్టి, ఎవరి మీదనైనా అనుమానం ఉంటే చెప్పవలసిందని కోరినారు. అంతకు ముందు జూన్ 14న రెండో గల్లీలో తాళం పగులగొట్టి ఒక ఇల్లు దోచిన కేసు తమ వద్ద ఉన్నది. సభ ముగిశాక నేను ఒక కానిస్టేబుల్ గారిని పక్కకు పిలిచి ఈ మూడు మాటలు చెప్పాను. ఒక ఆటో ఆయన ఆడవాళ్లను పైసలు లేకుండా ఎక్కించుకుంటాడు. ఏ ఇల్లు ఏ వేళ ఖాళీగా ఉంటుందో ఆయనకు తెలుసు. దొంగతనం జరిగిన రోజున ఆ గల్లీ మొదట్లో ఆయన ఆటోను నా కండ్లతో చూశాను.

మొదటి రెండూ నిజం. మూడోది అబద్ధం. జూన్ 14న నేను పట్నంలోనే లేను. లింగాలలో పత్తి విత్తనాల కోసం పొద్దంతా వరుసలో నిలబడి ఉన్నాను. ఆ రిజిస్టరులో నా సంతకం ఉన్నది. నకలు ఈ అర్జీకి జతపరిచాను.

కానిస్టేబుల్ గారు ఆటో ఆయన పేరు అడిగారు, చెప్పాను. ఊరు అడిగారు, చెప్పాను. ఇక ఏమీ అడగలేదు. రాసుకున్నారు.

5. తర్వాత జరిగింది తమకు తెలిసినదే. ఇస్రాయేలును నాలుగు రోజులు స్టేషన్‌లో కూర్చోబెట్టారు. ఆటోను ఆవరణలో పెట్టుకున్నారు. ఫోటో తీసి బోర్డు మీద అతికించారు. ప్రతి ఆదివారం వచ్చి సంతకం చేయమన్నారు. ఆదివారం ఆయన ప్రార్థనకు పోయే రోజు. ఇంటి యజమాని ఆయన సామాను బయట పెట్టాడు. ఒక పంక్చరు షాపు వెనుక తడక కట్టుకొని ఉంటున్నాడు.

బస్తీ కూడా మారిపోయింది. అంతకు ముందు అక్కడ దొంగతనాలు లేకపోలేదు, కానీ జనం తలుపులు తీసుకొని కూర్చునేవారు. ఇప్పుడు పట్టపగలే గొళ్లాలు పెడుతున్నారు. "మనల్ని రోజు ఎక్కించుకపోయినోడే గిట్లాంటోడైతే ఇగ ఎవరిని నమ్మాలె" అని పక్కింటి మల్లమ్మ పని మానుకున్నది. ఆడపిల్లలను ట్యూషన్‌కు పంపడం లేదు. ఇంతా చేసి అప్పటికి బస్తీలో కొత్తగా ఒక్క దొంగ కూడా రాలేదు, వచ్చింది నా మాట ఒక్కటే.

6. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉన్నది. జూలైలో జములమ్మ కాయిన్ బాక్సు నుండి ఫోన్ చేసింది. "మాలతోళ్ల నాయినా, నాకు భయమైతున్నది. పొద్దుగాల ఆ బాట పొంటి నడ్వబుద్ధి అయితలేదు" అన్నది. అది విని నాకు సంతోషమైంది. అవును అయ్యా, సంతోషమే. పదిహేనేళ్లలో మొదటిసారి ఆమె తన భయాన్ని నాకు చెప్పుకున్నది.

"అయితె ఊరికి వచ్చెయ్" అన్నాను.

"ఎట్లొస్త? పిల్ల పరీక్షలున్నయి. నీకేం, అంటవ్" అని పెట్టేసింది.

ఆ రోజు చేనులో కలుపు తీస్తూ పాట పాడుకున్నాను. మా నాయన మంచంలో నుండి విని, ఏమైందిరా అని సైగ చేశాడు.

7. ఆగస్టు 9న తెల్లవారుజామున క్వారీ బాట మీద మోటారు సైకిలు మీద ఇద్దరు వచ్చి జములమ్మ మెడలో పుస్తెలతాడు లాగినారు. ఆమె గుంత వైపు పడి కుడి చేయి మణికట్టు వద్ద విరిగింది. మిగతా ఆడవాళ్లు భయపడి ఉరికినారు. అప్పుడు వెనుక నుండి ఇస్రాయేలు వచ్చాడు.

ఆటో లేకపోయినా ఆయన నెల రోజులుగా ప్రతి పొద్దూ ఆ ఆడవాళ్ల వెనుక నడుస్తున్నాడట. వాళ్లు తనను చూసి జంకుతున్నారని చాలా దూరంలో నడిచేవాడట. ఆ రోజు ఉరికి వచ్చి, ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకొని, పెద్ద రోడ్డు దాకా మోసి దవాఖానలో చేర్చాడు. మాలతి ఫోన్‌లో ఈ సంగతి చెప్తుంటే నాకు చేయి విరిగిన మాట తర్వాత వినబడ్డది. ఎత్తుకున్నాడన్న మాట ముందు వినబడ్డది. నేను ఎటువంటి మనిషినో తమరు దీనితో తెలుసుకోవచ్చును.

8. మధ్యాహ్నానికి దవాఖాన చేరాను. ఇస్రాయేలు గేటు బయట నిలబడి ఉన్నాడు. చొక్కా మీద రక్తం ఎండిపోయి ఉన్నది. "బావా, నేను లోపటికి రాను. నన్ను చూస్తె మంది పరేషాన్ అయితరు. అక్కను జర చూస్కో" అన్నాడు.

నేను లోపలికి పోయి, కట్టు కట్టిన చేయి పక్కన కూర్చొని, జములమ్మకు మొత్తం చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు.

"ఎందుకు చెప్పినవ్ గట్ల?"

"నువ్వు ఆయన ఉంటె భయం లేదన్నవ్."

"గంతేనా?"

"గంతే."

"ఆయనకు చెప్పినవా?"

"లేదు."

"పో. చెప్పిరా. చెప్పేదంక నా దగ్గరికి రాకు."

గేటు దగ్గరకు పోయి చెప్పాను. ఇస్రాయేలు నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన తల వంచుకొని విన్నాడు. చెప్పులో దిగబడ్డ రాయి తీసి పారేశాడు. "నాకెందుకు చెప్తవన్నా? ఠాణాల చెప్పు" అన్నాడు.

ఆయన నన్ను అన్నా అని పిలవడం అదే మొదలు. బావా అన్నన్ని రోజులు నేను పలకలేదు. ఇప్పుడు ఆ పిలుపు పోయింది.

9. ఆనాడే తమ స్టేషన్‌కు వచ్చాను. నోటి మాట చెల్లదు, రుజువుతో రాసివ్వమన్నారు. రుజువు లింగాలలో ఉన్నందున పోయి, రిజిస్టరు నకలు తీసుకొని, నాగర్‌కర్నూలు పోస్టాఫీసు వద్ద కూర్చొని ఈ అర్జీ రాస్తున్నాను.

కావున తమరు దయతో,

(అ) బోర్డు మీద నుండి ఇస్రాయేలు ఫోటో తీయించి, జాబితాలో పేరు కొట్టివేయించగలరు. ఆదివారపు సంతకం మాన్పించగలరు.

(ఆ) ఆటోను ఆయనకు అప్పగించగలరు. వానకు తడిసి సీటు పాడైందని విన్నాను. దానిని నేను బాగు చేయిస్తాను.

(ఇ) పేరు తీసిన సంగతి బస్తీలో మళ్లీ సభ పెట్టి చెప్పగలరు. అబద్ధం చెప్పింది ఫలానా కురుమూర్తి అని నా పేరుతోనే చెప్పగలరు. నేను వచ్చి అక్కడ నిలబడతాను.

(ఈ) ఆ ఆరు స్తంభాలకు దీపాలు పెట్టవలసిందిగా సంబంధిత శాఖకు తమరు రెండు మాటలు రాయగలరు.

(ఉ) అబద్ధపు సమాచారం ఇచ్చినందుకు చట్టప్రకారం నా మీద ఏ చర్య తీసుకున్నా కట్టుబడి ఉంటాను. మా నాయనకు అన్నం పెట్టడానికి మా చెల్లెలు ఒప్పుకున్నది.

ఈ మనవిని చిత్తగించి, ఆలస్యం చేయకుండా ఉత్తర్వులు ఇవ్వవలెనని వేడుకొంటున్నాను.

ఇట్లు, నిజం చెప్పడంలో రెండు నెలలు ఆలస్యమైన తమ విధేయుడు,
కురుమూర్తి

జతపరచినది: విత్తనాల రిజిస్టరు నకలు, ఒకటి.

తాజా కలం: అయ్యా, ఇది అధికారికం కాదు. జములమ్మ ఊరికి రానన్నది. చేయి కుదిరినాక పనికే పోతానన్నది. ఆటో వస్తే మొదటి రోజు ఎక్కేది తనేనని మాలతితో చెప్పిందట. ఎక్కనీయండి. కానీ ఆటోను ఏ రోజు విడుస్తారో ఒక కార్డు ముక్క రాయించండి. ముందు రోజే బస్సెక్కి వస్తాను. ఐదింటికి ఆ ఆటోలో ఏడుగురితో పాటు నేను కూడా ఇరుక్కొని కూర్చుంటాను. వాళ్లిద్దరూ కన్నడంలో ఏం మాట్లాడుకున్నా మాట్లాడుకోనీ. దిగిపొమ్మంటే మాత్రం దిగను.