చూపుడు వేలికి సెలవు

జూన్ 3, మంగళవారం

గిటార్ కొన్నాను. సెకండ్ హ్యాండ్. వెనకవైపు పొడుగ్గా ఒక గీత ఉంది. వాయించేటప్పుడు అది నా పొట్టకి తప్ప ఎవరికీ కనపడదు కాబట్టి పర్వాలేదు. మా ఆయన చూసి, ఎవరికి అని అడిగాడు. నాకే అన్నాను. నలభై ఒకటో ఏట ఇదేం సరదా అని నోటితో అనలేదు, మొహంతో అనేశాడు.

ఎందుకు కొన్నానో రాసుకోవాలి, తర్వాత మర్చిపోతాను. పద్దెనిమిదేళ్ళుగా ల్యాబ్‌లో రక్తం తీస్తున్నాను. రోజుకి డెబ్భై, ఎనభై మంది. అందరూ చెయ్యి చాపి మొహం అటు తిప్పుకుంటారు. నా చేతులు చేసే పనిని ఎవరైనా ఇటు తిరిగి చూస్తే ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఉంది. అంతే.

జూన్ 5, గురువారం

ఎడమచేతి వేళ్ళు భగభగ మండుతున్నాయి. తగిన శాస్తి జరిగిందని సంతోషించేవాళ్ళు ఈ ఊళ్ళో కొన్ని వేలమంది ఉంటారు.

జూన్ 8, ఆదివారం

మొదటి క్లాసు. మాస్టారిది అసలు కళ్ళజోళ్ళ షాపు. ఆదివారం షాపు మూసి, పైగదిలో గిటార్ నేర్పుతారు. గోడకి ఇంకా అక్షరాల చార్టు వేలాడుతోంది. కింద వరస నాకు కనపడలేదు, ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

నా వేళ్ళు చూసి, మరీ మెత్తగా ఉన్నాయి, గట్టిపడేదాకా ఏడవాల్సిందే అన్నారు. కొన్ని తీగలు కలిపి నొక్కే కార్డ్‌ని ఆయన పట్టు అంటారు. సి పట్టు, జి పట్టు, ఇలా. ఎఫ్ పట్టు దగ్గరే సగంమంది మానేస్తారట. చూపుడు వేలిని ఆరు తీగల మీదా అడ్డంగా పడుకోబెట్టి నొక్కాలి, మిగతా మూడు వేళ్ళు వేరే చోట్ల నొక్కాలి. నేను మానేసే రకం కాదని చెప్పాను. అందరూ అలాగే అంటారని కళ్ళజోడు తుడుచుకున్నారు.

జూన్ 17, మంగళవారం

ఇవాళ పెద్దమ్మ వచ్చింది. పదిహేను రోజులకోసారి మంగళవారం వస్తుంది. కిడ్నీల జబ్బు. రక్తం రిపోర్టు చూసి డాక్టరు మందు డోసు మారుస్తాడు కాబట్టి తప్పించుకోవడానికి లేదు. ఇబ్బందల్లా ఆవిడ నరాలతోనే. ఎక్కడ దాక్కుంటాయో తెలీదు. నలుగురు గుచ్చి గుచ్చి వదిలేశాక నా దగ్గరికి వచ్చిన చెయ్యి అది. మా అమ్మకి సొంత అక్క, మొదటే నా దగ్గరికి రావచ్చుగా. ఊరికే నన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని రాలేదట.

నరం కంటికి కనపడక్కర్లేదు, వేలికి తెలియాలి. గ్లౌజ్ వేసుకున్నా సరే. ఎడమ చూపుడు వేలు పెట్టి మెల్లగా నొక్కుతాను. ఒకచోట కాస్త మెత్తగా పైకి తంతుంది. అక్కడే, కుడిచేత్తో సూది. ఒక్కసారే. ల్యాబ్‌లో నా పేరే ఒక్కపోటు. నేను పెట్టుకున్నది కాదు గానీ, వద్దని కూడా ఎప్పుడూ అనలేదు.

ఇవాళా ఒక్కటే పోటు. బయట వరసలో కూర్చున్నవాళ్ళందరికీ నేను తన చెల్లెలి కూతుర్నని చెప్పుకుని వెళ్ళింది. గిటార్ సంగతి చెప్తే, నాకెప్పుడు వినిపిస్తావు అని అడిగింది. ఎఫ్ వచ్చాక అన్నాను. ఎఫ్ అంటే ఏమిటో ఆవిడకి తెలీదు. తొందరగా రానీ అంది.

జూన్ 24, మంగళవారం

ఎఫ్ రాలేదు. బకెట్ మీద కొట్టినట్టు చప్పుడు వచ్చింది.

జూలై 2, బుధవారం

వేళ్ళు గట్టిపడ్డాయి. టేబుల్ మీద కొడితే టక్‌టక్‌మంటున్నాయి. ల్యాబ్‌లో అందరికీ చూపించాను. మా డాక్టరమ్మ ముట్టుకుని, కాయలు కాశాయే అంది. పతకం వచ్చినట్టు తిరిగాను రోజంతా.

జూలై 13, ఆదివారం, మధ్యాహ్నం 12.30

ఎఫ్ వచ్చింది. వచ్చేసింది. ఆరు తీగలూ మోగాయి, ఒక్కటి కూడా నోరు మూసుకోలేదు. మాస్టారు మళ్ళీ వాయించమన్నారు. మళ్ళీ వచ్చింది. ఇంకోసారి. మూడోసారి ఆయన కుర్చీలోంచి లేచి కిటికీ తలుపు తెరిచారు, ఎదుటి బేకరీ వాళ్ళు వింటారని. ఇంటికొచ్చి మా ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి పదకొండుసార్లు వినిపించాను. ఆరోసారికి బాగుందన్నాడు. తొమ్మిదోసారికి కూరగాయలు తేవాలన్నాడు. నేను చాలా గొప్పదాన్ని. ఇది నా డైరీ, ఇక్కడైనా అణకువ అక్కర్లేదు.

జూలై 15, మంగళవారం

పెద్దమ్మకి రెండు పోట్లు పడ్డాయి. నీళ్ళు సరిగ్గా తాగట్లేదని ఆవిడకే క్లాసు పీకాను. బుద్ధిగా తల ఊపింది.

జూలై 22, మంగళవారం

ఒక్కరోజులో ముగ్గురు మిస్. ఈ సూదుల బాక్సే బాగాలేదు. కొత్తది తెరిపించాను.

కొత్త బాక్సుతో నాలుగోది కూడా మిస్.

జూలై 29, మంగళవారం

పెద్దమ్మకి మూడు పోట్లు. మూడోది పడిందనుకున్నాను, పడలేదు, లోపలే అటూ ఇటూ తిప్పి దొరికించాను. అలా తిప్పేవాళ్ళని నేనెంతమందిని తిట్టానో. ఆవిడ మొహం అటు తిప్పుకోలేదు, నన్నే చూస్తూ కూర్చుంది. వెళ్ళేటప్పుడు బయట ఎవరితోనూ ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయింది.

జూలై 30, బుధవారం

డాక్టరమ్మకి చెప్పాను, వేలికి ఏమీ తెలియట్లేదని. షుగర్ ఉంటే వేళ్ళు మొద్దుబారతాయి, చూసుకో అంది. నా రక్తం తీయడానికి పక్క కౌంటర్ ఆయన్ని పిలిచాను. రెండుసార్లు గుచ్చాడు. నేను మొహం అటు తిప్పుకున్నాను.

షుగర్ లేదు. నిక్షేపంగా ఉన్నాను.

ఆగస్టు 1, శుక్రవారం, ఉదయం 5.40

నిద్ర పట్టక పెందలాడే లేచాను. ఈ పనిలో చేరిన కొత్తలో మా సీనియర్ ఒకావిడ నాకు వెంట్రుక పరీక్ష పెట్టేది. కాగితం కింద తలవెంట్రుక పెట్టి, కళ్ళు మూసుకుని వేలితో అది ఎక్కడుందో చెప్పాలి. ఒక కాగితం, తర్వాత రెండు, తర్వాత మూడు. ఆరు నెలల్లో నేను నాలుగు కాగితాల దాకా వెళ్ళాను. అక్కడిదాకా వెళ్ళింది మా బ్యాచ్‌లో నేనొక్కదాన్నే.

ఇప్పుడు వంటింటి బల్ల మీద పెట్టి చూశాను. ఎడమ చూపుడు వేలు. ఒక్క కాగితం. ఏమీ తెలియలేదు. కుడివేలు పెట్టాను, మూడు కాగితాల కింద కూడా దొరికింది.

గిటారే. ఇంకేం కాదు. వేలి చివర కాయ కాసి, లోపలికి కబురు పోవట్లేదు. నెలరోజుల నుంచి దాన్నే అందరికీ చూపించుకుని తిరిగాను.

అదే రోజు, సాయంత్రం 6.00

కుడిచేత్తో నరం వెతికి చూశాను. వెతికి, చెయ్యి మార్చుకుని సూది పట్టుకునేలోపు ఆ చోటు తప్పిపోతోంది. గిటార్‌కి కవర్ వేసి బీరువా మీద పెట్టేశాను. మా ఆయన ఏమైందన్నాడు. ఏమీ కాలేదన్నాను. వంట తనే చేశాడు.

ఆగస్టు 4, సోమవారం

నన్ను రిపోర్టుల కౌంటర్‌లో వెయ్యమని నేనే అడిగాను. వేలు బాగయ్యేదాకా. పెద్దవాళ్ళు వచ్చి ఒక్కపోటు ఏదీ అని అడుగుతున్నారు. కాగితాలు కవర్లో పెట్టి ఇస్తూ నేనే విన్నాను, వినపడనట్టు.

ఆగస్టు 12, మంగళవారం

పెద్దమ్మ రావాల్సిన రోజు. రాలేదు. ఫోన్ చేస్తే, మర్చిపోయానమ్మాయ్ అంది. ఆవిడ జన్మలో ఏదీ మర్చిపోదు.

ఆగస్టు 13, బుధవారం

ల్యాబ్ నుంచి నేరుగా పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ఉక్కపోస్తుంటే ఆవిడ శాలువా కప్పుకుని కూర్చుంది. తీశాను. కుడి మోచేతి మడతలో రెండు, ఎడమ చేతి వెనక మూడు. నల్లగా కమిలిపోయి ఉన్నాయి. బస్టాండ్ దగ్గరున్న ఇంకో ల్యాబ్‌కి వెళ్ళిందట.

ఐదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద చూపించాలో తెలియక ఆవిడ మీదే అరిచాను. నేనుండగా ఇంకొకరి దగ్గరికి ఎలా వెళ్ళావు అని.

“నా చేతికేముందే, ఎన్ని పోట్లయినా ఓర్చుకుంటుంది. మొన్న మూడోసారి గుచ్చేటప్పుడు నీ మొహం చూశాను. అది మళ్ళీ చూడలేక వెళ్ళాను” అంది.

ఏడుపు వచ్చేసింది. ఆవిడ ఒళ్ళో తల పెట్టి చిన్నపిల్లలా ఏడ్చాను. అంతా చెప్పాను. గిటార్, కాయలు, వెంట్రుక, బీరువా. గిటార్ మానేసి మంచిపని చేశావు అంటుందనుకుంటే తిట్టడం మొదలుపెట్టింది. నా చెయ్యి వల్ల నీ సరదా పోయిందన్న మాట నువ్వు అనకపోయినా నేను అనుకుంటాను, ఆ బరువు నాకెందుకు తగిలిస్తావు అని. ఇంత వయసొచ్చినా తిట్లు మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు.

తిట్లు అయ్యాక నా ఎడమచెయ్యి తీసుకుని ఒక్కో వేలూ నొక్కి చూసింది.

“నరం వెతకడానికి అన్ని వేళ్ళూ కావాలా?”

కాదు, చూపుడు వేలొక్కటే అన్నాను.

“మరి మిగతా వాటికెందుకే శిక్ష?”

పద్దెనిమిదేళ్ళ సర్వీసు నాది. నాకు తట్టలేదు.

ఆగస్టు 17, ఆదివారం

చూపుడు వేలు లేకుండా గిటార్ నేర్పండి అని అడిగాను. ఇన్నేళ్ళలో ఎవరూ ఇలా అడగలేదట. మాస్టారు కళ్ళద్దాలు తుడిచే గుడ్డ తీసి, తన చూపుడు వేలిని అరచేతికి కట్టేయించుకున్నారు నాచేత. గంటసేపు నన్ను మర్చిపోయి ఆయనే కుస్తీ పట్టారు. నొక్కారు, తప్పారు, విసుక్కున్నారు, మళ్ళీ నొక్కారు. ఎక్కడ చూపుడు వేలు ఉండాలో అక్కడ మధ్యవేలు. మధ్యవేలి చోట ఉంగరం వేలు. ఉంగరం వేలి చోట చిటికెన వేలు. సి వచ్చింది. జి, డి ఇబ్బంది లేకుండా వచ్చాయి. మైనర్ పట్లు రెండు వచ్చాయి. మిగతావాటికి తీగల మీద ఒక క్లిప్పు బిగించి గిటార్ మెడ మీద వేరే మెట్టు నుంచి మొదలుపెడితే సరిపోతుందట.

ఎఫ్ మాత్రం రాదు. అది చూపుడు వేలి సొత్తు. ఆ మాట చెప్పడానికి ఆయన చాలా బాధపడ్డారు. నేను పడలేదు. నెలకి పైగా ఏడిపించి, సరిగ్గా పంతొమ్మిది రోజులు నా దగ్గరుంది. దాని ముచ్చట తీరింది.

చిటికెన వేలు ఇన్నేళ్ళూ కూర్చుని తింది. ఇప్పుడు పనిలో పెట్టాను, గొణుగుతోంది.

ఆగస్టు 21, గురువారం

చూపుడు వేలి చివర పొర ఊడుతోంది. గిల్లకుండా ఉండటం ఎఫ్ కంటే కష్టం.

ఆగస్టు 25, సోమవారం, ఉదయం 6.15

ఒక కాగితం, దొరికింది. రెండు, దొరికింది. మూడు, దొరికిందో, దొరికిందని నేను అనుకున్నానో తెలీదు. కళ్ళు తెరిస్తే వేలు వెంట్రుక మీదే ఉంది. నాలుగు, లేదు.

రేపు మంగళవారం. రమ్మని పెద్దమ్మకి ఫోన్ చేశాను. ఒక్కసారే ప్రయత్నిస్తాను, పడకపోతే సూది పక్కవాళ్ళకి ఇచ్చేస్తాను, ఇక ఎప్పటికీ నీ చెయ్యి ముట్టుకోను అని ముందే చెప్పాను. అన్నీ ఎక్కువే నీకు అని పెట్టేసింది.

ఆగస్టు 26, మంగళవారం

పదిన్నరకి వచ్చింది. కౌంటర్ వదిలి లోపలికి వెళ్ళాను. డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడింది, ఏదో ఫైలు వెతుకుతున్నట్టు. గ్లౌజ్ వేసుకున్నాను. పాత కమిలిన మచ్చలు పచ్చబడుతున్నాయి. మోచేతి దగ్గర ఏమీ లేదు. కొంచెం కిందికి వెళ్ళాను. ఏమీ లేదు. చెమట పట్టింది. పెద్దమ్మ, తొందరేం లేదు, నాకు ఇంట్లో పనేం లేదు అంది. కళ్ళు మూసుకున్నాను. మణికట్టుకి పైన, బొటనవేలి వైపు, ఇదివరకెప్పుడూ నేను వెతకని చోట, మెత్తగా తన్నింది. ఒక్కసారి. ఇంకోసారి నొక్కాను, మళ్ళీ తన్నింది.

ఒక్క పోటు. గొట్టం ఎర్రగా నిండింది.

బయటికెళ్ళి పెద్దమ్మ వరసలో ఉన్నవాళ్ళకి నా గురించి చెప్తూనే ఉంది. డాక్టరమ్మ వెళ్ళి ఆవిడని ఆటో ఎక్కించాల్సి వచ్చింది. రేపటి నుంచి నేను మళ్ళీ నా కుర్చీలో.

సెప్టెంబర్ 7, ఆదివారం

పెద్దమ్మ ఇంట్లో వాయించాను. రెండు పాటలు. మొహం అటు తిప్పుకోకుండా మొదటినుంచీ నా చేతుల్నే చూసింది. ఎఫ్ ఎక్కడొచ్చింది అని అడిగింది. రాలేదు, ఇక రాదు అన్నాను. పాటంతా గాలిలో నిలబడే ఉన్న నా చూపుడు వేలిని పట్టుకుని, దీన్ని ఇక కూర్చోమనవే, పాపం అంది.